చోడవరం వైపు శారదానదిలో గాలం: విశాఖ నుంచి ఒక రోజు వేటకు ఎలా సిద్ధం కావాలి

"అన్నా, ఎక్కడ పడతాయి?" విశాఖలో గాలం పట్టుకోవాలని ముచ్చటపడే ప్రతి ఒక్కరూ నన్ను ముందు అడిగేది ఇదే. చోటు చెప్తాను. ఆదివారం పొద్దున్నే వెళ్తారు, మధ్యాహ్నానికి ఖాళీ సంచితో తిరిగొస్తారు, సాయంత్రం ఫోన్ చేసి "ఇంకో చోటు చెప్పన్నా" అంటారు. నేను చెప్పిన చోటు మంచిదే. వాళ్లు వెళ్లిన రోజున నీళ్లు మంచివి కావు. అందుకని ఈసారి చోటు దగ్గర కాకుండా నీళ్ల దగ్గర మొదలుపెడతాను.

శారదానదినీ చోడవరం ఊరినీ ఉదాహరణగా తీసుకున్నాను, నాకు బాగా తెలిసిన వైపు అది కాబట్టి. తూర్పు కనుమల్లో పుట్టిన శారద దేవరాపల్లి దగ్గర రైవాడ జలాశయం దాటి, చోడవరం, అనకాపల్లి మీదుగా పారి రాంబిల్లి వైపు సముద్రంలో కలుస్తుంది. విశాఖ నుంచి చోడవరం సుమారు 50 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4 నుంచి అది అనకాపల్లి జిల్లా, కాబట్టి అధికారులతో పనిపడితే వెళ్లాల్సింది అనకాపల్లికి. భీమిలి వైపు వాళ్లు గోస్తనికి, నర్సీపట్నం వైపు వాళ్లు తాండవ, వరాహ నదులకు ఇదే పద్ధతి వాడుకోవచ్చు. రాంబిల్లి దాకా దిగితే మాత్రం పోటుకి ఉప్పునీళ్లు ఎక్కుతాయి. అక్కడి చేపలు వేరు, ఎర వేరు. ఇక్కడ చెప్పేదంతా మంచినీటి వేట గురించే.

కావలసినవి

- గెడ లేదా రాడ్డు ఒకటి. కొత్తవాళ్లకు పది పన్నెండు అడుగుల వెదురు గెడ చాలు. రాడ్డే కొనాలనుకుంటే ఏడెనిమిది అడుగులది, చిన్న స్పిన్నింగ్ రీలుతో.
- తంగీసు: అసలు దారం 0.30 మిల్లీమీటర్లది, హుక్కు కట్టే చివరి ముక్కకు 0.25ది.
- హుక్కులు: 10, 8, 6, 4 నంబర్లు, ఒక్కోటి అయిదేసి.
- నీళ్ల మీద తేలే బెండ్లు మూడు, సీసం గుండ్లు చిన్నవీ పెద్దవీ కలిపి ఒక డబ్బా.
- ఎర: వానపాములు, పిండి ముద్ద. తయారీ కింద చెప్తాను.
- ముక్కు పొడవున్న పటకారు, చిన్న కత్తెర, పాత తువ్వాలు.
- థర్మోకోల్ పెట్టె, ఐసు.
- టోపీ, తాగే నీళ్లు, టార్చి, దూది, డెట్టాల్, ఫ్లాస్కులో వేడినీళ్లు.
- ఇరవై అడుగుల గట్టి తాడు. చేపల కోసం కాదు, మనుషుల కోసం.

ఫ్లాస్కు గురించి చాలామంది అడుగుతారు, టీ కోసమా అని. కాదు. జెల్ల ముల్లు గుచ్చుకున్నప్పుడు తెలుస్తుంది దాని విలువ.

1. ముందు రోజు చూసుకోండి

క్యాలెండర్ కాదు, నది చెప్పాలి రోజు. మన వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. అక్టోబరు, నవంబరు మళ్లీ వాయుగుండాలు, తుఫాన్లు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఈ నెలల్లో ఏరు ఎప్పుడు పొంగుతుందో చెప్పలేం. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా నీళ్లు తేరి, మడుగులు స్థిరపడి, వేటకు అన్నివిధాలా అనువుగా ఉంటాయి. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గి చేపలు లోతైన మడుగుల్లో చేరతాయి. పడతాయి, కానీ పొద్దున్న తొమ్మిది దాటితే ఎండకు మీరే నిలవలేరు.

ఒక పొరపాటు నమ్మకం ఇక్కడే సరిచేయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం సముద్రానిది. దాన్ని నదికీ అంటగట్టి, "జూన్ 15 నుంచి ఏరు కూడా తెరిచేస్తారు" అనుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి నదిలో తగ్గాల్సింది అప్పుడే. తొలకరి వరదనీళ్లకు బొచ్చె, శీలావతి, మోసు గుడ్లు పెట్టడానికి కదిలే కాలం అది. జూలై, ఆగస్టుల్లో నేను శారద వైపు గాలం తీసుకెళ్లను. మీరూ వెళ్లొద్దని కోరుతున్నాను.

రోజు ఖాయం చేసుకునే ముందు మూడు పనులు చేయండి.

మొదటిది, వాన ఎక్కడ పడిందో చూడండి. విశాఖలో చినుకు లేకపోయినా అనంతగిరి, దేవరాపల్లి వైపు కొండల్లో గట్టి వాన పడితే గెడ్డలన్నీ, అంటే కొండవాగులన్నీ, శారదలోకే దిగుతాయి. అలాంటి వాన తర్వాత కనీసం మూడు నాలుగు రోజులు ఆగండి.

రెండోది, రైవాడ మట్టం. దాని పూర్తి నీటిమట్టం 114 మీటర్లు. వానాకాలంలో జలాశయాల మట్టాలు పత్రికల జిల్లా పేజీల్లో వస్తుంటాయి. మట్టం అంచుకు దగ్గరగా ఉందంటే గేట్లు ఏ క్షణమైనా ఎత్తవచ్చు. అలాంటి వారం వెళ్లొద్దు. కోనాం, పెద్దేరు జలాశయాల నీళ్లు కూడా కింద శారదలోనే కలుస్తాయని మరిచిపోవద్దు.

మూడోది, ఆ ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేసి "నీళ్లు ఏ రంగులో ఉన్నాయి?" అని అడగండి. "చేపలు పడుతున్నాయా?" అని అడిగితే మీ సంతోషం కోసం అవునంటారు. రంగు అడిగితే ఉన్నదున్నట్టు చెప్తారు.

2. ఒకసారి ఉత్తచేతులతో వెళ్లి రండి

కుదిరితే వారం ముందు ఒక సాయంత్రం గాలం లేకుండా వెళ్లండి. ఒడ్డు వెంట కిలోమీటరు నడిస్తే చాలు. వంపు తిరిగే చోట బయటి గట్టు వైపు నీళ్లు కోసుకుపోయి లోతుంటుంది, లోపలి వైపు ఇసుక మేట వేసి ఉంటుంది. గెడ్డ వచ్చి కలిసే చోటు, నీళ్ల మీదికి వంగిన చెట్టు నీడ, వంతెన స్తంభాల కింది మడుగు, ఇవి చేపలు నిలిచే చోట్లు. ఆనకట్ట దిగువన కూడా బాగా ఉంటాయి. ఆనకట్ట మీద మాత్రం నిలబడొద్దు. పాచి పట్టిన సిమెంటు మీద కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

మంచి చోటు దొరికాక అక్కడి మనుషులతో మాట్లాడండి. ఏటి మీద బతికేవాళ్లు అక్కడ ముందు నుంచీ ఉన్నారు, మనం ఒక్కరోజు అతిథులం. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన గట్టున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"తాతా, ఇక్కడ గాలం వేసుకోవచ్చా?" అన్నాను.

ఆయన తలెత్తకుండానే, "ఏసుకో బాబూ. కానీ నీళ్లింకా ఎర్రగున్నాయి. ఎల్లుండికి తేరతాయి, అప్పుడు రా" అన్నాడు. కాసేపాగి, "ఆ ఎదురు కర్రలు కనబడతన్నాయి కదా, అవి మా వలలే. అటెల్లకు" అన్నాడు.

ఎల్లుండి వెళ్లాను. ఆ ఒక్క మాట నాకు ఒక రోజు పెట్రోలు ఖర్చు మిగిల్చింది, ఆయన వల కూడా తెగకుండా మిగిలింది.

అనుమతి సంగతి. ఊరి చెరువులు చాలావరకు మత్స్యకార సహకార సంఘాలకు లీజుకు ఇచ్చి ఉంటాయి, వాటిలో అడక్కుండా గాలం వేస్తే అది దొంగతనమే. జలాశయాల్లో మత్స్యశాఖ అనుమతి ఉన్నవాళ్లే పట్టాలి. రైవాడ, తాటిపూడి, మేహాద్రిగెడ్డ విశాఖకు తాగునీరిచ్చే జలాశయాలు, వాటిని మీ జాబితాలోంచి తీసేయండి. నదిలో వేసేముందు కూడా పంచాయతీలోనో, అక్కడి సంఘం పెద్దనో ఒక మాట అడగండి. అనకాపల్లి మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి రాయించుకుంటే ఇంకా నిశ్చింత. పేలుడు మందు, విషం వేసి చేపలు పట్టడం 1897 నాటి చట్టం నుంచే నేరం. ఎవరైనా అలా పడుతుంటే ఆ చోటు వదిలేసి వచ్చి ఫిర్యాదు చేయండి.

3. గాలం ఇంట్లోనే కట్టుకోండి

గట్టు మీద గాలిలో, వణుకుతున్న వేళ్లతో ముడి వేయడం కష్టం. ముందురోజు రాత్రి ట్యూబులైటు కింద కట్టి, ఒక అట్టముక్కకు చుట్టి పెట్టుకోండి.

హుక్కుల నంబర్లు చాలామందిని తికమకపెడతాయి. నంబరు పెరిగేకొద్దీ హుక్కు చిన్నదవుతుంది. 10 అంటే పరిగెలకి, 8 అంటే చిన్న జెల్లలకి, 6 పెద్ద జెల్లకి, 4 శీలావతికీ మోసుకీ. సున్నా పక్కన పెట్టి రాసే 1/0, 2/0 మాత్రం తిరగబడి పెద్దవవుతాయి. అవి వాలుగ లాంటి పెద్ద చేపలకి. నాకు మొదట్లో ఒక దుకాణంలో "మంచినీటికి ఇవే సార్" అంటూ 2/0 హుక్కులు పాకెట్టు అంటగట్టారు. పొద్దంతా పరిగెలు ఎర కొరుక్కుని తిన్నాయే తప్ప ఒక్కటీ చిక్కలేదు. చేప నోట్లో పట్టే హుక్కు కావాలి. అనుమానం వస్తే ఒక నంబరు చిన్నదే ఎంచుకోండి.

ముడి ఇలా వేయండి. తంగీసు కొసను హుక్కు కంట్లోంచి దూర్చి ఓ జానెడు లాగండి. ఆ కొసను అసలు దారం చుట్టూ ఆరుసార్లు మెలి తిప్పండి. ఇప్పుడు హుక్కు కన్ను పక్కనే ఒక చిన్న సందు ఏర్పడుతుంది, కొసను అందులోంచి దూర్చండి. అలా దూర్చినప్పుడు పైన ఇంకో పెద్ద సందు ఏర్పడుతుంది, దాంట్లోంచి కూడా తీయండి. బిగించే ముందు ముడిని నోట్లో పెట్టుకుని తడపండి. పొడిగా బిగిస్తే రాపిడికి తంగీసు కమిలిపోతుంది, పెద్ద చేప లాగినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. మెల్లగా లాగి బిగించి, మిగిలిన కొస కత్తిరించండి.

ముడి సరిగ్గా పడిందో లేదో చూడటానికి హుక్కును తలుపు గొళ్లేనికి తగిలించి గట్టిగా లాగండి. మెలికలు పక్కపక్కన వరసగా కూర్చుంటే బాగుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కితే తీసేసి మళ్లీ కట్టండి.

చివరి ముక్క సన్నగా ఎందుకంటే, హుక్కు రాళ్లలో చిక్కుకుంటే ఆ ముక్కే తెగి బెండు, సీసం మిగులుతాయి. మొత్తం ఒకే మందం కడితే సగం దారం ఏటిపాలవుతుంది. ఆ దారం కొంగల కాళ్లకీ పశువుల కాళ్లకీ చుట్టుకుంటుంది.

4. ఎర

వానపాములు ఎప్పటికీ నమ్మకమైనవి. పెరట్లో అరటిచెట్టు మొదట్లోనో, పేడకుప్ప పక్కనో తవ్వితే దొరుకుతాయి. మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలో తడిమట్టితో వేసి నీడన ఉంచండి. జెల్ల, మట్టగిడస, ఇంగిలాయి, బొమ్మిడాయి అన్నీ వీటికి వస్తాయి.

శీలావతి, మోసు, బొచ్చెలకు పిండి ముద్ద. నా కొలత ఇది: తవుడు రెండు గిద్దెలు, వేరుశనగ చెక్క పొడి ఒక గిద్దె, గోధుమపిండి ఒక గిద్దె, నిమ్మకాయంత బెల్లం. చెక్కను రాత్రి కొంచెం నీళ్లలో నానబెట్టండి. బెల్లం ఎండుది కాకుండా మెత్తటిది తీసుకోండి, చోడవరం సంతలోనే దొరుకుతుంది. అన్నీ కలిపి చపాతీ పిండి కంటే కొంచెం గట్టిగా పిసకండి.

పరీక్ష చాలా ముఖ్యం. గాజు గ్లాసులో నీళ్లు పోసి గోళీకాయంత ముద్ద వేయండి. వేసిన వెంటనే విరిగిపోతే గోధుమపిండి తక్కువైంది. పావుగంటైనా రాయిలా అలాగే ఉంటే తవుడు తక్కువైంది. అయిదు నిమిషాలు గట్టిగా ఉండి, ఆ తర్వాత అంచుల నుంచి మెల్లగా రేణువులు విడుతూ ఉండాలి. ఆ విడిపోయే పొడే వాసనై చేపను పిలుస్తుంది.

సగం ముద్దలో తవుడు ఎక్కువ కలిపి వదులుగా చేసుకుంటే అది చల్లుకోవడానికి. నాలుగైదు నిమ్మకాయంత ఉండలు చాలు. ఎక్కువ చల్లితే చేపలకు కడుపు నిండిపోయి హుక్కు వైపు చూడవు.

5. బయల్దేరడం

ద్వారకా బస్‌స్టేషన్ నుంచి చోడవరానికి బస్సులున్నాయి. బండి మీదైతే ఎన్‌ఏడీ కూడలి, పెందుర్తి, సబ్బవరం మీదుగా దగ్గర. పొద్దున్న ఆరింటికి గట్టు మీద ఉండాలంటే నాలుగున్నరకు ఇల్లు వదలాలి. చలికాలంలో సబ్బవరం దాటాక మంచు పడుతుంది, బండి నిదానం. ఒంటరిగా వెళ్లొద్దు. ఏ ఊరి దగ్గర, ఏ గట్టున ఉంటారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. మాంసం, చేప తినని రోజు ఇంట్లో ఉంటుంది, అది కూడా ముందే అడిగి చూసుకోండి.

6. ఒడ్డుకు చేరాక మొదటి అరగంట

గాలం వేసే తొందర వద్దు. ముందు నీళ్లు చూడండి. మోచేతి దాకా చేయి ముంచండి. అరచేయి మసకగా కనిపించాలి, చేతిగీతలు కనిపించకూడదు. అరచేయే కనిపించకపోతే బురదనీళ్లు, పిండి ముద్ద పని చేయదు, వానపాముతో గట్టు పక్కనే జెల్లలకు ప్రయత్నించండి. గీతలతో సహా కనిపిస్తే నీళ్లు మరీ తేటగా ఉన్నట్టు, మీరు చేపకు కనిపిస్తారు. అలాంటప్పుడు నీడలో, వంగి, గట్టుకు రెండడుగులు వెనక్కి కూర్చోండి.

రెండో పని, నీళ్ల అంచున సరిగ్గా ఒక పుల్ల గుచ్చండి. అరగంటకోసారి దాన్ని చూడండి. నీళ్లు రెండు వేళ్ల ఎత్తు పెరిగితే ఇంకేమీ ఆలోచించకుండా సామాను సర్దండి. నీళ్లలో ఉన్నట్టుండి ఆకులు, పుల్లలు, నురగ కొట్టుకొస్తున్నా, రంగు ఎర్రబారుతున్నా అదే సంకేతం. చేప లాగుతున్నా సరే, దారం కోసి గట్టెక్కండి.

మూడో పని, పైకి చూడండి. ఏటిగట్టు వెంట వ్యవసాయ మోటార్లకు కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. పన్నెండడుగుల గెడ ఎత్తితే తగిలే ఎత్తులోనే ఉంటాయి. కార్బన్ రాడ్డు, తడిసిన వెదురు రెండూ కరెంటును మోస్తాయి. ఉరుము వినపడితే రాడ్డు నేలమీద పెట్టి చెట్ల కింద నుంచి దూరంగా వచ్చేయండి.

ఇక నీళ్లలో దిగడం. దిగకండి. శారదలో ఇసుక తవ్విన గుంతలున్నాయి. పైకి మోకాలి లోతులా కనిపిస్తుంది, మరుసటి అడుగులో నేల ఉండదు. మా బావమరిది ఒకసారి చిక్కుకున్న హుక్కు విడిపించడానికి నాలుగడుగులు వేశాడు. మూడో అడుగు దాకా నీళ్లు పిక్కల దగ్గరే ఉన్నాయి. నాలుగో అడుగుకి ఛాతీ దాకా మునిగాడు. కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే "బావా" అని ఒక్క కేక వేశాడు. గట్టున ఉన్న గెడ అందించి లాగాం. రూపాయి హుక్కు కోసం. ఆ రోజు నుంచే నా సంచిలోకి తాడు వచ్చింది. హుక్కు చిక్కుకుంటే తెంపేయండి. ఎవరైనా మునుగుతుంటే మీరు దూకొద్దు, తాడో గెడో అందించండి, 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు లోతు కొలవండి. కొత్తవాళ్లు వదిలేసే పని ఇదే, చేప పడకపోవడానికి పెద్ద కారణమూ ఇదే. హుక్కుకు ఒక పెద్ద సీసం గుండు తగిలించి, బెండు అంచనాగా పెట్టి నీళ్లలో వేయండి. బెండు మునిగిపోతే హుక్కుకీ బెండుకీ మధ్య దారం తక్కువైంది, బెండును పైకి జరపండి. బెండు నీళ్ల మీద అడ్డంగా పడుకుంటే దారం ఎక్కువైంది, కిందికి జరపండి. బెండు కొస మాత్రం నీళ్ల మీద నిటారుగా కనిపించిందంటే అదే లోతు. గెడ మీద ఆ కొలత దగ్గర దారంతో ఒక గుర్తు కట్టుకోండి. తర్వాత పెద్ద గుండు తీసేయండి.

ఆ కొలతను బట్టి ఎర ఎక్కడ ఉండాలో చూసుకోండి. మోసు, జెల్ల అడుగున మేస్తాయి, కాబట్టి ఎర నేలకు తాకాలి, దారం ఇంకో నాలుగు వేళ్లు ఎక్కువ ఇవ్వండి. శీలావతి మధ్యనీళ్లలో తిరుగుతుంది, అడుగు నుంచి జానెడు పైన ఉంచండి. బొచ్చె పైనీళ్ల చేప, రెండు మూడడుగుల లోతు చాలు.

7. బెండు ఏం చెబుతోంది

బెండు టిక్కుటిక్కున వణుకుతూ ఉంటే పరిగెలు ఎర గిల్లుతున్నాయి. లాగొద్దు. వణుకు ఆగకపోతే హుక్కు చిన్నది చేయండి, లేదా ముద్ద ఇంకొంచెం గట్టిగా పిసకండి.

ఒక్కసారిగా పక్కకి గుంజి, ఆగి, మళ్లీ గుంజితే జెల్ల. రెండో గుంజుకి లాగండి.

బెండు రెండు మూడుసార్లు మెల్లగా మునిగి లేచి, తర్వాత వాలుగా జారుకుంటూ నీళ్లలోకి వెళ్లిపోతే శీలావతి. ఆ జారుడు మొదలైనప్పుడు మణికట్టుతో చిన్నగా ఎత్తండి.

బెండు మునగకుండా పైకి లేచి అడ్డంగా పడుకుందంటే కొత్తవాళ్లు "గాలికేమో" అనుకుని వదిలేస్తారు. అడుగున ఉన్న ఎరను నోట కరుచుకుని చేప పైకి లేచింది, సీసం బరువు బెండు మీద నుంచి పోయింది, అందుకే పడుకుంది. అది చాలావరకు మోసు. వెంటనే ఎత్తండి.

అందరూ చేసే తప్పు భుజం కొద్దీ లాగడం. చేప పెదవి చిరిగి తప్పించుకుంటుంది, లేకపోతే హుక్కు ఎగిరి వచ్చి మీకో పక్కవాళ్లకో గుచ్చుకుంటుంది. మణికట్టు కదలిక చాలు.

గంట గడిచినా ఏమీ లేకపోతే చోటు మార్చకండి. ముందు లోతు జానెడు మార్చండి. ఇరవై నిమిషాలు చూసి ఎర మార్చండి. ఆ తర్వాతే చోటు. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

8. చేతికి చిక్కాక

చేప లాగుతున్నంతసేపూ గెడను నిలువుగా ఎత్తి పట్టండి, వంపు దాని బలాన్ని తింటుంది. అది అటు పోతే ఇవ్వండి, ఇటు తిరిగితే తెచ్చుకోండి. గట్టు మీదికి దారంతో ఎగరేయకండి, వంగి తడిచేత్తో తీయండి.

జెల్లకు వీపు మీద ఒక ముల్లు, రెండు పక్కల చెరొకటి ఉంటాయి. భయపడగానే మూడూ లేచి గొళ్లెం పడ్డట్టు నిలబడిపోతాయి. తువ్వాలు వేసి పొట్టవైపు నుంచి పట్టుకుని, పటకారుతో హుక్కు తీయండి. ఇంగిలాయి ఇంకా ప్రమాదం, దాని పక్క ముళ్లలో విషం ఉంటుంది. దాన్ని చేత్తో అసలు పట్టుకోకండి, దారం కోసేయండి.

గుచ్చుకుంటే కంగారుపడొద్దు. మంచినీళ్లతో కడిగి, ముల్లు ముక్క పైకి కనిపిస్తే పటకారుతో తీయండి. ఫ్లాస్కులోని వేడినీళ్లు చల్లనీళ్లతో కలిపి, ఓర్చుకోగలిగినంత వేడిలో ఆ చేయి అరగంట పైగా ముంచండి. వేడి సరిచూడటానికి గుచ్చుకోని చేయి వాడండి, నొప్పి పుట్టిన చేతికి వేడి తెలియక బొబ్బలెక్కుతాయి. వేడికి విషం బలం తగ్గి నొప్పి దిగుతుంది. తర్వాత ఆస్పత్రికి వెళ్లి గాయం చూపించి టీటీ సూది వేయించుకోండి. ఆయాసం, కళ్లు తిరగడం, వాపు పైకి పాకడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108. గడ్డిలో నడిచేటప్పుడు, చీకటి పడ్డాక టార్చి ఆర్పొద్దు. ఎలుకల కోసం పాములు గట్ల మీద తిరుగుతాయి.

9. ఏవి వదిలేయాలి

అరచేయి కంటే చిన్నవి వదిలేయండి. పొట్ట ఉబ్బి గుడ్లతో ఉన్నవి వదిలేయండి. గట్టు పక్క గడ్డిలో నీళ్ల మీద ఎర్రగా, నారింజరంగు ముద్దలా పిల్లలు గుంపుగా తిరుగుతుంటే దాని కింద కొరమీను తల్లిదండ్రులు కాపలా ఉన్నట్టు. ఎర ముందు పడితే పిల్లల్ని కాపాడటానికే మీద పడతాయి, అందుకే తేలిగ్గా చిక్కుతాయి. వాటిని పట్టుకుంటే ఆ పిల్లలన్నీ పూట తిరిగేలోపే మిగతా చేపల పాలవుతాయి. దయచేసి అటు గాలం వేయకండి. తడిచేత్తో పట్టుకుని, నీళ్లలో తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి, తోక ఆడించేదాకా వదలకుండా పట్టుకోవడం, వదిలే పద్ధతి అది.

తిరిగి వదలకూడనిది ఒకటుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. మన మార్పు చేపలా ఉంటుంది, కానీ చాలా పెద్దదవుతుంది, మన చేపల్ని తినేస్తుంది. దాని పెంపకం మన దేశంలో నిషేధం. గుర్తుపట్టడం రాకపోతే ఒడ్డున ఉన్న మత్స్యకారుల్ని అడగండి, చూపు పడగానే చెప్పేస్తారు.

10. ఇంటికి తేవడం

ఇంటిల్లిపాదికి ఒక పూట పులుసుకి సరిపడా చాలు. అమ్మకానికి పట్టొద్దు, అది వేరేవాళ్ల బతుకు. కిలో చేపకు కిలో ఐసు, కింద ఒక వరస, పైన ఒక వరస. పెట్టె అడుగున నీళ్లు చేరితే చేప మెత్తబడుతుంది, సబ్బవరం దగ్గర ఒకసారి ఆపి నీళ్లు వంపండి. ఇంటికి వచ్చాక మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ తిరిగి లేవాలి. మొప్ప గోధుమరంగుకు తిరిగితే ఐసు చాల్లేదన్నట్టు. బురద వాసన పోవాలంటే ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచి కడగండి. చేపల్ని గట్టు మీద శుభ్రం చేస్తే పేగులు నీళ్లలో వేయకండి, దిగువన జనం స్నానాలు చేస్తారు. గుంట తవ్వి పూడ్చండి.

బయల్దేరే ముందు గట్టు మీద చేయాల్సిన ఆఖరి పని

హుక్కులు లెక్కపెట్టండి. ఇంటి దగ్గర ఎన్ని ఉన్నాయో డబ్బా మూత మీద రాసుకుని తెచ్చుకోండి. ఏట్లో తెగినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని, కూడిక సరిపోవాలి. సరిపోకపోతే కూర్చున్న చోట గడ్డిని చేత్తో కాదు, పుల్లతో కదుపుతూ వెతకండి. సీసం గుండ్లూ, తంగీసు ముక్కలూ అంతే, సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చుకోవాలి. సాయంత్రం ఆ గట్టు మీదికే గేదెలు నీళ్లకు దిగుతాయి. వల భుజాన వేసుకుని ఆ తాత వస్తాడు. ఆయన కాళ్లకు చెప్పులుండవు.